ఇంట్లో గోడలకు రంగులు: పెయింటర్‌ను పిలవాలా, మనమే వేసుకోవాలా?

సంక్రాంతి దగ్గర పడిందన్నా, ఇంట్లో పెళ్లి కుదిరిందన్నా మన ఇళ్లలో ముందుగా వచ్చే మాట గోడల రంగుల గురించే. పెయింటర్ వచ్చి, గదులన్నీ ఒకసారి తిరిగి, గోడను చేత్తో తడిమి చూసి, చదరపు అడుగుకు ఇంత అవుతుందని చెప్పి వెళ్లగానే మన మనసులో రెండో లెక్క మొదలవుతుంది. ఇంత డబ్బు కూలికే పోతున్నప్పుడు రెండు బ్రష్షులు, ఒక రోలర్ కొనుక్కుని మనమే వేసుకోకూడదా? హైదరాబాద్‌లో మేముంటున్న రెండు పడకగదుల ఫ్లాట్‌కు ఒకసారి పూర్తిగా మనుషుల్ని పెట్టి రంగులు వేయించాము. మరోసారి ఒక పడకగదికి నేనూ మా తమ్ముడూ కలిసి వేసుకున్నాము. రెండూ చూసిన మీదట నాకు అర్థమైనది ఏమిటంటే, ఇల్లు మొత్తానికి కలిపి ఒకే నిర్ణయం తీసుకోవడం దగ్గరే తప్పు జరుగుతోంది. ఏ గోడ ఏ స్థితిలో ఉందో చూసి, కొంత పని పెయింటర్లకు అప్పగించి, కొంత మనం ఉంచుకుంటేనే డబ్బు, శ్రమ రెండూ కలిసి వస్తాయి.

ముందు టేపు పట్టుకోవాలి

ధర అడగడానికి ముందే కొలత మన చేతిలో ఉండాలి. వెయ్యి చదరపు అడుగుల ఫ్లాట్ అంటే వెయ్యి చదరపు అడుగుల పెయింటింగ్ కాదు. గోడలు, సీలింగు కలిపితే అది నేల వైశాల్యానికి రెండున్నర నుంచి మూడున్నర రెట్ల దాకా వస్తుంది. మా పడకగదినే తీసుకుంటే, పొడవు 12 అడుగులు, వెడల్పు 11, ఎత్తు 10. నాలుగు గోడల చుట్టుకొలత 46 అడుగులు కనుక గోడలు 460 చదరపు అడుగులు, సీలింగు 132, మొత్తం 592. ఇందులో తలుపుకు 21, కిటికీకి 16 తీసేస్తే మిగిలేది 555. ఇదే పద్ధతిలో హాలు, వంటగది, రెండో పడకగది, నడవా, బాల్కనీ లోపలి గోడలు అన్నీ కొలిస్తే మా ఇంటికి సుమారు 2,600 చదరపు అడుగులు తేలింది. అందులో సీలింగు వాటా 700 వరకు ఉంటుంది.

తలుపులు, కిటికీల ఖాళీలను కొందరు మేస్త్రీలు కొలతలోంచి తీసేయరు. వాటి పక్క అంచులకు కూడా రంగు వేయాలి కదా అన్నది వారి వాదన, అది పూర్తిగా అన్యాయమేమీ కాదు. అయితే ఆ మాట పని మొదలుకాక ముందే తేలిపోవాలి. వంటగదిలో టైల్స్ ఉన్న భాగాన్ని, బీరువా గూళ్ల వెనక రంగు అక్కర్లేని భాగాన్ని కూడా లెక్కలో వేస్తే మాత్రం అడగవలసిందే. మేము టేపు పెట్టి కొలిచిన కాగితం చూపించాక, అంతకుముందు కంటితో చూసి 3,000 అడుగులని చెప్పిన మేస్త్రీ రెండో మాట లేకుండా 2,600కు వచ్చారు. చదరపు అడుగుకు పది రూపాయల చొప్పున చూసినా అరగంట కొలతకు నాలుగు వేలు మిగిలినట్లు.

మనుషుల్ని పెడితే ఎంత, మనమే చేస్తే ఎంత

పనివారితో బేరం మన దగ్గర మూడు రకాలుగా కుదురుతుంది. రోజు కూలి మీద పెట్టుకోవచ్చు. సరుకు మనమే కొనిచ్చి, చదరపు అడుగు చొప్పున లేబర్ కాంట్రాక్టు ఇవ్వవచ్చు. లేదా సరుకుతో సహా మొత్తం కాంట్రాక్టు ఇచ్చేయవచ్చు. వీటికి తోడు పెయింట్ కంపెనీలే నడిపే సేవలు వచ్చాయి. ఏషియన్ పెయింట్స్, బెర్జర్ వంటి సంస్థలు తమ మనిషిని పంపి కొలతలు తీయించి, సామాన్లు కప్పి, దుమ్మును లాగేసే యంత్రంతో గోడలు రుద్దించి, పని అప్పగిస్తాయి. ధర ఎక్కువే ఉంటుంది గాని, సామాన్లతో నిండిన ఇంట్లో, ముఖ్యంగా పసిపిల్లలో ఆయాసం ఉన్న పెద్దవారో ఉన్నచోట ఆ దుమ్ము తగ్గడం చిన్న విషయం కాదు. ఇలాంటి సంస్థల బిల్లులో 18 శాతం జీఎస్టీ ఉంటుంది కనుక, చెప్పిన ధరలో పన్ను కలిసి ఉందో లేదో మొదటే అడగాలి.

ఇక అంకెల్లోకి వస్తాను. ఇవి మా పేటలో మాకు చెప్పిన ధరలు. మీ ఊరి ధరలు వేసుకుని ఇదే లెక్క చేసుకోవచ్చు. పాత రంగు మీదే, అక్కడక్కడ లప్పం (రంధ్రాలు, పగుళ్లు పూడ్చే పుట్టీ) పెట్టి, ఒక కోటు ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత), రెండు కోట్లు ఎమల్షన్ (నీళ్లు కలిపి వేసే గోడ రంగు) వేయడానికి లేబర్ కాంట్రాక్టు అడుగుకు 10 రూపాయలు. అంటే 2,600 అడుగులకు 26,000. మధ్యరకం ఎమల్షన్ లీటరుకు రెండు కోట్లు కలిపి 120 అడుగుల వరకు వస్తుంది. ఆ లెక్కన 22 లీటర్లు కావాలి, డబ్బాల సైజులను బట్టి 24 లీటర్లు కొనవలసి వస్తుంది. లీటరు 300 చొప్పున 7,200. ప్రైమర్ 20 లీటర్ల బకెట్ 3,000, లప్పం బస్తా 900, ఎమరీ పేపర్ వంటి చిల్లర సరుకు 600. మొత్తం 37,700 రూపాయలు. సరుకుతో సహా కాంట్రాక్టుకు అదే మేస్త్రీ అడుగుకు 18 అడిగారు, అంటే 46,800. రెండింటి మధ్య తేడా 9,100 రూపాయలు. దుకాణానికి రెండుసార్లు వెళ్లి రాగలిగినవారు ఈ తేడాను వదులుకోవలసిన పని లేదు. నా దృష్టిలో ఈ వ్యవహారం మొత్తంలో తేలికగా మిగిలే డబ్బు ఇదే.

మనమే చేసుకుంటే కూలి పోదు గాని కొత్త ఖర్చులు వస్తాయి. తొమ్మిదంగుళాల రోలర్లు రెండు, దానికి పొడుగు కర్ర, ట్రే, మూడు సైజుల బ్రష్షులు, లప్పం పెట్టే రేకులు, ఎమరీ పేపర్, మాస్కింగ్ టేపు, నేల మీద పరచడానికి ప్లాస్టిక్ పట్టా, మాస్కులు, కళ్లద్దాలు కలిపి మాకు 3,200 అయ్యాయి. నిచ్చెన అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ దగ్గర ఉండబట్టి సరిపోయింది. కొనవలసి వస్తే ఆరడుగుల అల్యూమినియం నిచ్చెనకే మరో మూడు వేలు వేసుకోవాలి. చెయ్యి తిరగనివారి చేతిలో పదో వంతు సరుకు వృథా అవుతుంది, దానికి 1,100. రంగు, ప్రైమర్, లప్పం ఖర్చు 11,100తో అంతా కలిపి ఇల్లు మొత్తానికి 15,400. పైకి చూస్తే 22,300 రూపాయలు మిగిలినట్లే ఉంది.

కానీ రోజుల లెక్క కూడా చూడాలి. ఇద్దరు పెయింటర్లు మా ఇల్లంతా ఎనిమిది రోజుల్లో ముగించారు, అంటే 16 పనిదినాలు. ఒక్క పడకగదికి నాకూ మా తమ్ముడికీ నాలుగేసి రోజులు పట్టింది, అంటే 8 పనిదినాలు. అదే వేగంతో ఇల్లంతా వేయాలంటే 37 పనిదినాలు కావాలి. మిగిలిన 22,300ను 37తో భాగిస్తే మా కష్టానికి రోజుకు ఆరు వందలు గిట్టుబాటు అయింది. ఆ రోజుల్లో మా దగ్గర పెయింటర్ కూలి వెయ్యి రూపాయలు. పైగా రోజు కూలి మీద మనుషుల్ని పెట్టి ఉంటే 16 పనిదినాలకు 16,000తోనే పోయేది కనుక, దానితో పోలిస్తే మాకు మిగిలేది రోజుకు 330 మాత్రమే. ఆఫీసుకు సెలవులు పెట్టి ఇంటికి రంగులు వేసుకోవాలనుకునేవారు ఈ ఒక్క భాగహారం చేసుకుంటే సగం సందేహం తీరిపోతుంది.

రోజు కూలి చవక అని అందరికీ చెప్పలేను. ఎవరో ఒకరు ఇంట్లో ఉండి ఉదయం తొమ్మిదింటి నుంచి పని చూసుకోగలిగితేనే అది చవక. లేకపోతే ఎనిమిది రోజుల పని పన్నెండు రోజులవుతుంది.

ఒక్క గది మాత్రమే అయితే లెక్క తిరగబడుతుంది. చిన్న పనికి పెయింటర్లు తేలికగా రారు. వచ్చినా అడుగుల ధర కాకుండా గుత్తంగా అడుగుతారు. మా 555 అడుగుల గదికి కూలి ఒక్కటే 7,000 చెప్పారు. పనిముట్లకు పెట్టిన 3,200 పోగా కూడా మాకు మూడున్నర వేలు మిగిలింది. ఆ పనిముట్లు ఇంట్లోనే ఉన్నాయి కనుక రెండో గదికి మిగులు ఇంకా పెరుగుతుంది.

రంగు కన్నా లప్పం కష్టం

రోలర్‌తో రంగు వేయడం ఎవరైనా ఒక పూటలో నేర్చుకోగల పని. గోడను దానికి సిద్ధం చేయడంలోనే పనితనం ఉంది, డబ్బులో ఎక్కువ భాగం వెళ్లేదీ అక్కడికే. కాబట్టి మనం చేయగలమా లేదా అన్న ప్రశ్నకు జవాబు గోడే చెబుతుంది.

అరచేతితో గోడను గట్టిగా రుద్ది చూడండి. చేతికి తెల్లటి పొడి అంటుకుంటే అది పాత సున్నమో, నాసిరకం డిస్టెంపరో అయి ఉంటుంది. దాని మీద ఎమల్షన్ వేస్తే కొంతకాలానికి పెచ్చులుగా లేచిపోతుంది. ఆ పొరంతా గీకి తీయవలసిందే. వేలి కణుపులతో అక్కడక్కడ తట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే లోపల సిమెంటు పూత గోడను వదిలేసిందన్నమాట, అది పెయింటర్ పని కూడా కాదు, తాపీ మేస్త్రీ పని. గోడ కింది భాగంలో ఉప్పు పొంగి ఉంటే, లేదా బాత్‌రూమ్ వెనక గోడకు మరకలు ఉంటే, రెండడుగుల ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో అంటించి ఒక రోజంతా వదిలేయండి. లోపలి వైపు నీటి బిందువులు కనిపిస్తే చెమ్మ గోడ లోపలి నుంచే వస్తోంది. పైపు లీకో, పైఅంతస్తు బాత్‌రూమ్ నేలో బాగుచేయకుండా దానిమీద ఎంత ఖరీదైన రంగు వేసినా నిలవదు. మనం వేసినా నిలవదు, కంపెనీవారు వేసినా నిలవదు.

మా గది గోడలకు ఈ జబ్బులేవీ లేవు. మేకులు పీకిన రంధ్రాలు, కిటికీ మూలన వెంట్రుకంత పగుళ్లు, మంచం తల ఆనిన చోట గీరుకుపోయిన మరక మాత్రమే ఉన్నాయి. లప్పం పెట్టాము, మర్నాడు ఎమరీతో నునుపుగా రుద్దాము, గుడ్డతో దుమ్ము తుడిచాము. అక్కడితో గోడ బాగానే ఉందనిపించి, లప్పం పెట్టిన మచ్చల మీద ప్రైమర్ వేయకుండా నేరుగా రంగు వేసేశాము. పగటి వెలుతురులో చూస్తే ఏ లోపమూ కనిపించలేదు. రాత్రి ట్యూబ్‌లైట్ వేసి మంచాన్ని యథాస్థానానికి జరుపుతుంటే, లప్పం పెట్టిన ప్రతిచోటా రూపాయి బిళ్లంత, కొన్ని చోట్ల అరచేతి అంత మచ్చలు, చుట్టూ ఉన్న గోడ మెరుస్తుంటే అవి మాత్రం జీవం లేనట్లు వెలవెలబోతూ కనిపించాయి. పీల్చుకునే గుణం వేరైన చోట రంగు కూడా వేరుగానే ఆరుతుంది. మా తమ్ముడు వాటిని లెక్కపెట్టడం మొదలుపెట్టి పంతొమ్మిది దగ్గర ఆపేశాడు. మళ్లీ ప్రైమర్, మళ్లీ గోడంతా ఒక కోటు. ఆ నాలుగో రోజు దానికే సరిపోయింది.

రోలర్ పట్టాక గుర్తుంచుకోవలసినది ఒకటే. ముందు అంచుల వెంట బ్రష్‌తో నాలుగు వేళ్ల పట్టీ తీసి, అది ఆరకముందే రోలర్‌తో కలిపేయాలి. ఒక గోడ మొదలుపెడితే ఆ గోడ అయ్యేదాకా ఆపకూడదు. ఏప్రిల్ ఎండల్లో ఫ్యాను వేసుకుని పనిచేస్తే పట్టీ పట్టీకీ మధ్య గీతలు పడతాయి. రెండో కోటుకు ముందు నాలుగైదు గంటలైనా ఆరనివ్వాలి.

ఏది ఎవరికి వదలాలి

సీలింగును పెయింటర్లకు వదిలేయమనే నా సలహా. మెడ వెనక్కు వాల్చి, నిచ్చెన మెట్టు మీద నిలబడి, ముఖం మీద చుక్కలు పడుతుండగా పని చేయడం అలవాటు లేనివారికి అరగంటకు మించి సాగదు. నిచ్చెన మీద నుంచి పడితే అయ్యే ఆసుపత్రి ఖర్చు ముందు ఈ లెక్కలేవీ నిలవవు. డ్యూప్లెక్స్ ఇళ్లలో మెట్ల పక్కన ఉండే రెండంతస్తుల గోడ కూడా ఇంతే.

తలుపులు, కిటికీ గ్రిల్స్ విషయంలో మరో కారణం ఉంది. వాటికి వేసే ఎనామిల్ పెయింట్ బ్రష్ గీతలు పడకుండా, కారకుండా వేయడానికి చెయ్యి కుదరాలి. అంతకన్నా ముఖ్యం, ఇంటి రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లకు మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు 1 నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన ఎనామిల్ పొరల్లో సీసం ఉండే అవకాశం ఉంది. పాత తలుపును పొడిగా ఎమరీతో రుద్దితే ఆ పొడి ఇంట్లో పడుతుంది, పిల్లల చేతులకు అంటుతుంది. మనం చేసినా, పనివారు చేసినా, తడిపి రుద్దడం, ఆ సమయంలో పిల్లల్నీ గర్భిణులనూ ఇంట్లో ఉంచకపోవడం, ఆ బురదను గుడ్డతో ఎత్తి పారేయడం తప్పనిసరి.

కొత్త ఇంటి గోడలకు నున్నగా రెండు కోట్లు లప్పం పెట్టే పని పెయింటర్లదే. సిమెంటు పూత పూర్తయ్యాక కనీసం 28 రోజులు ఆరనిచ్చాకే వారిని కూడా పిలవాలి.

ఇవన్నీ తీసేస్తే మనకు మిగిలేవి లప్పం పెద్దగా అవసరం లేని పడకగది గోడలు, పిల్లల గది, ముదురు రంగు వేయాలనుకున్న ఒక గోడ, బాల్కనీ. ఇవి నిర్భయంగా మనం చేసుకోవచ్చు.

పనివారిని పెట్టుకున్నప్పుడు చూసుకోవలసినవి

ఏ కంపెనీ రంగు కొనాలో పెయింటర్ చెప్పినప్పుడు, అది ఆయన అనుభవం కావచ్చు, టోకెన్ కూడా కావచ్చు. డబ్బాల మీద పెయింటర్లకు పాయింట్లో టోకెన్లో ఇవ్వడం కంపెనీలకు మామూలే. దాన్ని నేను తప్పు పట్టను. ఆ టోకెన్లు మీరే తీసుకోండి, రకం మాత్రం నేను చెప్పినదే తెండి అని ముందే చెప్పేస్తే ఇద్దరికీ మొహమాటం ఉండదు. సీలు తీయని డబ్బాలు మన కళ్ల ముందు తీయించాలి. ఎంత నీళ్లు కలపాలో డబ్బా మీదే రాసి ఉంటుంది. అంతకు మించి కలిపితే మూడో కోటు అడగవలసి వస్తుంది.

మేము వేయించినప్పుడు రెండో కోటు హాలులో ఒక గోడకు పడలేదు. చూసి చెప్పలేకపోయేవాళ్లమే గాని, 22 లీటర్లు పట్టవలసిన ఇంటికి అనుకున్నదానికన్నా ఎక్కువ రంగు మిగిలి ఉండటంతో అనుమానం వచ్చింది. అడిగితే మేస్త్రీ కాదనలేదు, మర్నాడు వచ్చి వేసి వెళ్లారు. అందుకే ఖాళీ బకెట్లు పని అయ్యేదాకా ఇంట్లోంచి కదలనివ్వవద్దు. ఆ తర్వాత ఆ బకెట్లు ఎవరివి అన్న తగువు మీ ఇంటి ఆడవారికీ మేస్త్రీకీ మధ్య ఎలాగూ ఉండనే ఉంటుంది.

డబ్బు దశలవారీగా ఇవ్వాలి. లప్పం అయ్యాక కొంత, మొదటి కోటు అయ్యాక కొంత, చివర ఐదో వంతు మాత్రం రాత్రి లైట్ల కింద గోడలన్నీ చూశాకే. మొదటే సగానికి పైగా ఇచ్చేస్తే, దసరా, సంక్రాంతి ముందు రోజుల్లో ఆ మనిషి ఇంకో ఇంటి పనిలో దిగి, "రేపొస్తానండీ" అనే మాటతో వారం గడిపేస్తారు. పండుగ తేదీకి పని కట్టుకోకుండా, వానల్లో ఏ గోడ చెమ్మగిల్లుతుందో చూసిపెట్టుకుని సంక్రాంతి దాటాక పెట్టుకుంటే గోడలూ పొడిగా ఉంటాయి, మనుషులూ దొరుకుతారు.

అద్దె ఇంట్లో ఉన్నవారికి

హైదరాబాద్‌లో ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరిట ఒక నెల అద్దె అడ్వాన్సులోంచి కోసుకోవడం చాలామంది ఇంటి యజమానులకు అలవాటు. మీ అద్దె 18,000 అయి, గోడలకు నాలుగు మేకు రంధ్రాలు తప్ప వేరే నష్టం లేకపోతే, పైన చెప్పిన పద్ధతిలో మీరే సరిచేసి ఇవ్వడం ఎంతో చవక. కానీ ఖాళీ చేసే నెలలో ఈ మాట ఎత్తితే ఎవరూ వినరు. ఇంట్లో దిగేనాడే గోడల ఫొటోలు తీసుకుని, రంగులు నేనే వేయించి ఇస్తాను, అలా ఇస్తే కోత ఉండదు అన్న వాక్యాన్ని ఒప్పంద పత్రంలో రాయించుకోవాలి. యజమాని ఒప్పుకోకపోతే మీరు గోడ మీద పైసా పెట్టవద్దు, ఎలాగూ ఆ నెల అద్దె పోయేదే.

ఈ ఏడు మా ఇంట్లో హాలు, సీలింగులు, తలుపులు పాత మేస్త్రీకే లేబర్ కాంట్రాక్టుకు ఇచ్చి, సరుకు మేము తెచ్చి, పడకగదుల గోడలు మాత్రం ఆదివారాల్లో మేమే వేసుకోబోతున్నాము. దుకాణంలో మిషన్ మీద కలిపిచ్చిన రంగు కోడ్‌ను ఈసారి డబ్బా మూత మీద కాకుండా బీరువా తలుపు లోపలి వైపు రాసిపెట్టాలి. పోయినసారి డబ్బాతో పాటు కోడ్ కూడా పోయి, కిటికీ పక్కన పడిన చిన్న గీరుడుకు సరిపడే రంగు దొరక్క ఆ చోట క్యాలెండర్ తగిలించి మూడేళ్లు గడిపాము.